కాపలా కుక్కకు టీకాలు: ఏవి, ఎప్పుడు?



ఖమ్మం మెట్టచేల నుండి భద్రాచలం అడవి అంచు వరకు కుక్క లేని రైతు ఇల్లు అరుదు. అడవిపందుల నుండి మొక్కజొన్నను, దొంగల నుండి కల్లములోని మిరపకాయను కాచునది అదియే. పగలు పశువుల వెంట అడవికి పోవును, రాత్రి మంచె క్రింద పడుకొనును, తెల్లవారి వాకిట పిల్లలతో ఆడుకొనును. అడవిలో నక్కను, ఊరిలో వీధికుక్కను, ఇంటిలో పసిబిడ్డను ఒక్క దినములోనే తాకు జంతువు మన ఇంట మరియొకటి లేదు. కావున దానికి వేయించు టీకా ఇంటిల్లిపాదికిని, కొట్టములోని పశువులకును కూడ రక్షయే.

పట్నములో ముద్దుగా పెంచు కుక్కలకే టీకాలు కావలెనని కొందరి అభిప్రాయము. నిజమునకు గడప దాటని కుక్క కంటె అడవి తిరుగు కుక్కకే వాటి అవసరము ఎక్కువ.

ఏ టీకాలు?

మొదటిది రేబీస్ టీకా. దీనిని ఏ కుక్కకును మానరాదు. రేబీస్ లక్షణములు బయటపడిన తరువాత మనిషికిగాని పశువునకుగాని మరణము దాదాపు తప్పదు. మనుషులకు సోకు రేబీసులో నూటికి 99 పాళ్లు కుక్కల వలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిచ్చికుక్క కరచిన ఆవులకు, గేదెలకు కూడ ఈ వ్యాధి వచ్చును. చొంగ కార్చుచు మేత మింగలేని పశువును చూచి, గొంతులో ఏదో అడ్డుపడినదని నోటిలో చేయి పెట్టువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదము.

రెండవది సంయుక్త టీకా. ఇది డిస్టెంపర్, పార్వో, కుక్కలకు వచ్చు అంటు కాలేయవ్యాధి, లెప్టోస్పైరోసిస్ మొదలగు వాటిని అరికట్టును. పార్వో సోకిన పిల్లలు వాంతులు, నెత్తురు విరేచనములతో కొద్ది దినములలోనే చనిపోవును. లెప్టోస్పైరోసిస్ ఎలుకల మూత్రము కలిసిన నీటి వలన, బురద వలన వచ్చును. మనుషులకు కూడ సోకును. వరిమడిలో తిరుగు కుక్కకు ఇది ముఖ్యము. డిస్టెంపర్ అడవి జంతువులకు కూడ అంటుకొనును. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోగా, పరీక్షలలో ఈ వైరస్ బయటపడినది. కిన్నెరసాని అభయారణ్యము ప్రక్కన కుక్కలను పెంచు మనము దీనిని గుర్తుంచుకొనవలెను.

ఎప్పుడు వేయించవలెను?

పైరుకు మందు చల్లుటకు అదను ఉన్నట్లే టీకాకును అదను కలదు. తల్లి ముర్రుపాల వలన పిల్లకు కొన్ని వారములు రక్షణ ఉండును. ఆ రక్షణ బలముగా ఉన్నప్పుడు వేసిన టీకా సరిగా పట్టదు; అది తగ్గిన పిమ్మట ఆలస్యము చేసినచో వ్యాధి ముందుగా పట్టును. అది ఏ దినమున తగ్గునో పైకి తెలియదు. అందుచేతనే ఒక్క సూదితో సరిపెట్టక, వరుసగా వేయుదురు.

సాధారణముగా పాటించు క్రమము ఇది:

1. 6 నుండి 8 వారముల వయస్సులో సంయుక్త టీకా మొదటి మోతాదు.
2. తరువాత 3, 4 వారములకు ఒకసారి చొప్పున 16 వారములు నిండు వరకు అదే టీకా.
3. 12 వారములకు రేబీస్ మొదటి మోతాదు. మరి 4 వారములకు రెండవది.
4. అటుపై ఏటేటా తిరిగి వేయించుట.

ఉదాహరణకు నవంబరు 1న పుట్టిన పిల్లకు డిసెంబరు 27న సంయుక్త టీకా, జనవరి 24న, ఫిబ్రవరి 21న సంయుక్త, రేబీస్ టీకాలు రెండును పడవలెను. టీకా రకమును, కుక్క ఆరోగ్యమును బట్టి పశువైద్యుడు ఈ క్రమమును కొంత మార్చవచ్చును.

పూర్వము టీకాలు పడినదీ లేనిదీ తెలియని పెద్ద కుక్కను పడనిదిగానే భావించి, రెండు టీకాలను 3, 4 వారముల ఎడముతో రెండేసిసార్లు వేయించుట మేలు.

ఏటి గడువు శ్రావణ భాద్రపదములలో వచ్చినచో, వాగులు పొంగి దారులు తెగక ముందే వేయించుకొనవలెను. 1885 జులై 6న లూయీ పాశ్చర్ కుక్క కరచిన ఒక బాలునికి మొదటిసారి రేబీస్ టీకా వేయించెను. దానికి గుర్తుగా ఆ తేదీన పశువైద్యశాలలలో ఉచితముగా రేబీస్ టీకాలు వేయుట వాడుక. అయితే గడువు ముందే వచ్చినచో ఆ దినము కొరకు ఆగరాదు.

జాగ్రత్తలు

టీకాకు కొన్ని దినముల ముందు ఏలికపాముల మందు త్రాగించవలెను. జ్వరముతో ఉన్న కుక్కకు, మేత మానిన కుక్కకు టీకా వేయించక ముందు వైద్యునికి చూపవలెను. టీకా మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉండవలెను. ఎండలో సంచిలో తెచ్చిన మందు వేసినను వేయనట్లే. టీకా పడిన నాడే రక్షణ రాదు. వరుస పూర్తియైన రెండు మూడు వారముల వరకు పిల్లను అడవికి తీసికొనిపోరాదు. తేదీలను కార్డుపై వ్రాయించి ఇంట భద్రపరచవలెను.

కుక్క కరచినచో, అది టీకా పడిన కుక్కయైనను సరే, వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పోయు నీటితో 15 నిమిషములు కడగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన సూదులన్నియు తప్పక వేయించుకొనవలెను. మన కుక్కనే పిచ్చికుక్క కరచినచో, పాత టీకాను నమ్ముకొనక తిరిగి వైద్యునికి చూపవలెను.

ఊరిలోని కుక్కలలో నూటికి 70కి టీకా పడినచో రేబీస్ వ్యాప్తి ఆగిపోవునని నిపుణుల నిర్ణయము. కావున గూడెములోని రైతులందరు కలిసి ఒక దినమును నిశ్చయించుకొని, పశువైద్యునికి ముందుగా తెలిపినచో, ఇంటి కుక్కలతోపాటు వీధికుక్కలకు కూడ టీకాలు వేయించుట సులభమగును. ఈ వారమే మీ కుక్క వయస్సు లెక్క చూచి, మొదటి తేదీని కార్డుపై వ్రాసికొనుడు.