ఊచకీ ఊచకీ మధ్య సందు

రా అమ్మలూ, ఇలా అరుగు మీద కూర్చో. పొద్దున్న రేవు దగ్గర పైలింగ్ మిషను చూసి, "తాతయ్యా, వంతెనకి బావి తవ్వుతున్నారేంటి?" అన్నావు కదా. తప్పేం అనలేదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు కాటన్ దొర కూడా ఇసకలో బావులు దింపి వాటి మీదే కట్టాడు. మన లంకల నేల అలాంటిది, ఎంత లోతుకెళ్లినా ఒండ్రూ ఇసకాను. ఆ బావికి సన్నటి తమ్ముడే పైలు.

గోతిలోకి దింపిన ఊచల బుట్ట చూశావా? ఊచల మీద 500 అనో 600 అనో అచ్చు ఉంటుంది. చదరపు మిల్లీమీటరు మందం ఉక్కుకి ఒక సిమెంటు బస్తా, అంటే 50 కిలోలు, వేలాడదీసినా బస్తా తీయగానే మళ్లీ మామూలైపోతే అది 500 రకం. 600 రకం ఇంకో 10 కిలోలు ఓర్చుకుంటుంది.

మరి 600 రకం వేస్తే పైలు ఎక్కువ బరువు మోస్తుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు. నెత్తిన బరువు పడితే కాంక్రీటూ ఊచా ఒకే కాడికి కట్టిన ఎడ్లలాంటివి, కలిసే కుంగాలి. మీటరుకి 2 మిల్లీమీటర్లు కుంగేసరికి కాంక్రీటు పని అయిపోతుంది. ఈ రెండు రకాల్లో ఏ ఊచైనా అప్పటికి 400 దగ్గరే ఉంటుంది. గట్టి ఉక్కయినా మెత్తటి ఉక్కయినా అంతే బరువుకి అంతే కుంగుతుంది మరి. తేడా అంతా ఎంతదాకా ఓర్చుకుంటుందన్న దాంట్లోనే.

600 రకం సత్తా తెలిసేది పైలు వంగినప్పుడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి నీరు వంతెనని పక్కకి తోస్తుంది, కాళ్ల దగ్గర ఇసకని కోసేస్తుంది. పైలు ఒక పక్క కుంగితే రెండో పక్క సాగుతుంది. సాగడం కాంక్రీటుకి చేతకాదు, ఆ లాగుడంతా ఊచలదే. అక్కడ 500 రకం 12 ఊచలు పట్టే చోట 600 రకం 10 చాలు.

రెండు ఊచలేగా అని తీసిపారెయ్యకు. 600 మిల్లీమీటర్ల పైలులో 20 మిల్లీమీటర్ల ఊచల మధ్య సందు 9 సెంటీమీటర్ల నుంచి సుమారు 11కి పెరుగుతుంది. డబ్బు ఆదా కంటే నాకు ఈ సందే ముఖ్యం. శ్లాబయితే వైబ్రేటరు పెట్టి కుదుపుతారు. ఇక్కడ గోతి నిండా బెంటొనైట్ బురద. గొట్టం అడుగుదాకా దింపి పోస్తే, కాంక్రీటు ఆ బురదని పైకి తోసుకుంటూ, తనంతట తానే ఊచల సందుల్లోంచి గోతి అంచుదాకా పారాలి. సందు ఇరుకైతే కంకర అడ్డం పడుతుంది, బురద అక్కడే ఉండిపోతుంది. పైనుంచి ఎవరికీ కనబడదు తల్లీ.

అలాగని ఊచ మీది ఆ అంకె పెంచుకుంటూ పోకూడదు. లాగుడు పెరిగేకొద్దీ ఊచ ఇంకా సాగుతుంది, చుట్టూ కాంక్రీటులో బీటలు వెడల్పవుతాయి. పోటు సమయానికి సముద్రపు నీరు పాయలోకి ఎగదన్నుతుంది కదా, ఆ ఉప్పు బీటల్లోంచి ఊచని చేరితే తుప్పే. బుట్ట చుట్టూ గుండ్రటి సిమెంటు బిళ్లలు కట్టింది అందుకే. ఊచలు మట్టికి తగలకుండా 75 మిల్లీమీటర్లు ఎడంగా ఉంచేవి అవే. సాయంత్రం ఇంకో బుట్ట దింపుతారట. పద, బిళ్లలు ఎన్ని కట్టారో లెక్కపెట్టి వద్దాం.