కారు బ్రేకులో పసుపు దీపము

వాన వెలిసిన సాయంకాలమున అబిడ్సు పెద్ద తపాలా కార్యాలయము నుండి నాంపల్లి స్టేషను వైపు కారు నడుపుట ఓర్పునకు పరీక్ష. ముందు పోవు ఆటో ఎప్పుడు ఆగునో తెలియదు. తడిసిన తారుపై బ్రేకు గట్టిగా త్రొక్కినచో చక్రము బిగిసి బండి జారును. జారుచున్న బండి స్టీరింగు మాట వినదు. ఈ ప్రమాదమును తప్పించుటకే ఎలెక్ట్రానిక్ బ్రేకు నియంత్రణము, అనగా ఏ.బి.ఎస్., ఏర్పడినది. జర్మనీలో బోష్ సంస్థ రూపొందించిన ఈ సాధనము 1978లో మెర్సిడిస్ కార్లలో ప్రవేశించినది. మన దేశమున 2019 ఏప్రిలు నుండి క్రొత్తగా తయారగు కార్లన్నిటికిని ఇది తప్పనిసరి యైనది. కావున నేడు సామాన్య కుటుంబము కొను చిన్న కారునందును ఇది కలదు. దీని చిక్కులును కలవు.

ప్రతి చక్రము చెంత ఒక సెన్సరుండును. చక్రముతోపాటు తిరుగు పండ్ల వలయమును గాని, అయస్కాంత వలయమును గాని గమనించి, అది చక్రవేగమును కంట్రోలు యూనిట్‌కు తెలుపును. ఒక చక్రము తక్కినవానికంటె హఠాత్తుగా మందగించినచో, అది బిగియుచున్నదని యూనిట్ గ్రహించి, ఆ చక్రమునకు పోవు బ్రేకు నూనె ఒత్తిడిని క్షణకాలము తగ్గించి మరల పెంచును. పాదము క్రింద పెడలు అదరునది అప్పుడే. దానికి బెదరి పాదము తీయువారు కొందరు కలరు. తీయరాదు, అది యంత్రము పని చేయుచున్న గుర్తు.

ఇక దీపము సంగతి. తాళము త్రిప్పగానే పసుపు దీపము వెలిగి కొన్ని సెకండ్లలో ఆరవలెను. అసలే వెలుగనిచో దీపమైనను చెడియుండును, లేదా ఎవరో లోపమును దాచుటకు దానిని తొలగించి యుందురు. పాత కారు కొనువారు డబ్బు చెల్లించుటకు ముందే ఈ ఒక్కటి చూచుకొనుట మేలు. ఆరక నిలిచినచో ఏ.బి.ఎస్. విరమించినదని అర్థము, మామూలు బ్రేకు సాధారణముగా పని చేయును గాని చక్రము బిగియవచ్చును. పసుపు దీపముతో కూడ ఎర్రదీపమును వెలిగి, హ్యాండు బ్రేకు దింపినను ఆరనిచో కారును నడుపరాదు. నూనె తగ్గియుండవచ్చును, లేదా ముందు వెనుక చక్రములకు బ్రేకు బలమును పంచు ఏర్పాటే నిలిచి, వెనుక చక్రములు ముందుగా బిగియవచ్చును.

రేడియో మూగవోయినచో మనము ముందు ప్లగ్గును, పిమ్మట తీగను చూతుముగాని క్రొత్త సెట్టు కొనబోము. బ్రేకు విషయమున మాత్రము ఈ వివేకము తరచు కొరవడును. మెకానిక్కు స్కానరు తగిలించును. "ఎడమ ముందు చక్రపు సెన్సరు సర్క్యూటు" అని తెరపై కానవచ్చును. వెంటనే క్రొత్త సెన్సరు వచ్చును. దానితోను దీపము ఆరనిచో వేలాది రూపాయల హైడ్రాలిక్ యూనిట్ మీదికి చూపు పోవును. కాని స్కానరు చెప్పినది సర్క్యూటు అని. అందు సెన్సరు, తీగ, కనెక్టరు, వలయము అన్నియు చేరును. ఏది చెడినదో మనిషియే వెదకవలెను.

వెదకుట బ్యాటరీతో ఆరంభించుట మంచిది. ఒత్తిడి మిక్కిలి పడిపోయిన బ్యాటరీ ఏ దోషమును లేని ఏ.బి.ఎస్.ను సైతము ఆపివేయును. పిదప ఫ్యూజు. ఆ పైన స్కానరులో నాలుగు చక్రముల వేగమును ప్రక్కప్రక్కన చూచుచు, ఒకరు నెమ్మదిగా తిన్నగా నడుపవలెను. మలుపులో బయటి చక్రము సహజముగానే వేగముగా తిరుగును గనుక తిన్నని దారియే కావలెను. ఒక అంకె సున్నాయందే నిలిచినచో తీగను, కనెక్టరును అనుమానింపవలెను. వాన నీటిలో మునిగిన కనెక్టరునకు పచ్చని చిలుము పట్టుట సాధారణము. స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పునపుడు అంకె పోవుచు వచ్చుచున్నచో, చక్రముతో వంగి వంగి తీగ లోలోపల తెగినదన్నమాట. నిదాన వేగమున మాత్రమే అంకె ముందుగా పడిపోవుచున్నచో వలయము పగిలియుండును, లేదా సెన్సరు మొన వద్ద ఇనుప రజను చేరియుండును. ఆగబోవు సమయమున పొడి రోడ్డుపైననే పెడలు అదరుట దీని మరియొక లక్షణము.

ఇటీవలనే చక్రపు బేరింగు మార్చిన కారైనచో ముందు ఆ పనినే శంకింపవలెను. పెక్కు కార్లలో అయస్కాంత వలయము బేరింగు ఒక ముఖమున నుండును. తలక్రిందుగా బిగించినచో చక్రము చక్కగా తిరుగును గాని సెన్సరునకు ఏమియు కానరాదు. ఇట్టి కారునకు ఎన్ని సెన్సర్లు మార్చినను వ్యర్థమే.

ఓమ్ మీటరు విషయమున ఒక హెచ్చరిక. పాత తరహా చుట్ట సెన్సరును దానితో కొలువవచ్చును. పలు కార్లలో సుమారు వేయి, రెండు వేల ఓముల నడుమ కానవచ్చును. నేటి సెన్సర్లు పెక్కు విద్యుత్తు నందుకొని పని చేయునవి. వానిని అట్లు కొలిచినచో సరియైన ఫలితము రాదు, సెన్సరు చెడినను చెడవచ్చును. వానికి అందవలసిన వోల్టేజి అందుచున్నదా, చక్రము త్రిప్పినపుడు సంకేతము మారుచున్నదా అని చూడవలెను.

మరమ్మతు ముగిసి స్కానరులో పాత దోషమును తుడిచిన పిదపను కొన్ని కార్లలో దీపము వెంటనే ఆరదు. చక్రవేగములు సరిపోలినవని యూనిట్‌కు తోచువరకు కొంత దూరము నడుపవలెను. పబ్లిక్ గార్డెన్సు ముందటి రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా నుండును. గంటకు ఇరువది, ముప్పది కిలోమీటర్ల వేగమున కొంత సేపు పోయినచో పని తీరినదో లేదో తేలిపోవును.