లోన్ పాసైందట, ముందు ఫీజు కట్టాలట

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్ముడైతేగానీ రైతు చేతిలో డబ్బు ఆడదు. అందులోంచీ బ్యాంకు బాకీ ముందే పట్టుకుంటారు. ధర పడిపోయిన ఏడాది వాయిదా తప్పుతుంది, సిబిల్ స్కోరు దిగజారుతుంది. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కి బతికే ఇంటికి చూపించుకోడానికి జీతం స్లిప్పు ఉండదు. బ్యాంకులో ఒకసారి కాదనిపించుకుని వచ్చినవాళ్ల దగ్గర “సిబిల్ లేకపోయినా పర్లేదన్నా, అయిదు లక్షలు పాసైంది” అన్న ఫోన్ తేలిగ్గా పారుతుంది. ఆ ఫోన్‌కు బలమిచ్చే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బ్యాంకులూ ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటాయి, వీళ్లు అడిగేదీ అదే.

ఇందులో సగం నిజముంది, ఆ సగమే కొంప ముంచుతుంది. బ్యాంకులు ఫీజు తీసుకునే మాట వాస్తవమే. మామూలుగా దాన్ని లోను డబ్బులోంచి మినహాయించుకుంటాయి, లేదా మన ఖాతాలోంచే పట్టుకుంటాయి. ఇంటి లోనుకైతే లీగల్ ఒపీనియన్‌కూ, విలువ కట్టడానికీ ముందే కొంత కట్టాల్సి రావచ్చు. కాబట్టి “ముందు డబ్బు అడిగారా, అయితే దొంగే” అని గుడ్డిగా చెప్పలేం. చూడాల్సింది ఆ డబ్బు ఎవరి పేరున పోతోందన్నది. బ్యాంకుకు కడితే బ్యాంకు పేరున రసీదు వస్తుంది. మోసగాడు పంపే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరో ఒక మనిషి పేరు కనిపిస్తుంది. ఫోన్‌పేలో డబ్బు వెళ్లేముందు కనిపించే ఆ పేరును ఒక్క క్షణం ఆగి చదివితే చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది.

ఇంకో ఆధారం కూడా ఉంది. 2024 అక్టోబర్ 1 నుంచి వ్యక్తులకూ చిన్న వ్యాపారాలకూ ఇచ్చే కొత్త లోన్లకు, వడ్డీ, ఫీజులు, మొత్తం ఏడాది ఖర్చు ఒకేచోట చూపే పత్రాన్ని, రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. దాన్ని కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు. అందులో లేని చార్జీని మన ఒప్పుకోలు లేకుండా వేయకూడదు. ఫోన్ చేసినవాణ్ణి ఆ పత్రం పంపమనండి.

ఈ మోసం మెట్లు మెట్లుగా నడుస్తుంది. మొదట ఫైలు ఖర్చులని ఓ రెండున్నర వేలు. పోయినా పెద్దగా నొప్పి తెలియని మొత్తమే అడుగుతారు. అది కట్టాక “జీఎస్టీ కట్టాలి సార్” అంటారు, తర్వాత ఇన్సూరెన్స్, ఆపైన ఒక నెల వాయిదా అడ్వాన్సు, చివరికి టీడీఎస్. అన్నీ లోనుతో పాటు తిరిగొస్తాయనే చెబుతారు. నిజానికి జీఎస్టీ పడేది ఫీజు మీదేగానీ అప్పు మీద కాదు. ఫీజు 5,000 అయితే 18 శాతం లెక్కన 900. అప్పు ఆదాయం కాదు కనుక మనం తీసుకునే లోను మీద టీడీఎస్ అన్నదే లేదు. కానీ అప్పటికే ఇరవై వేలు పోసిన మనిషికి ఈ లెక్క చెవికెక్కదు. ఇప్పుడు ఆపితే అదంతా పోతుందన్న భయంతోనే తర్వాతి మెట్టూ ఎక్కుతాడు.

అపోహ: మూడు సింహాల గుర్తుతో ముద్రా మంజూరు లెటర్ వచ్చింది, అది సర్కారు లోనే.

ముద్రా సంస్థ జనానికి నేరుగా అప్పులివ్వదు. బ్యాంకులకూ, మైక్రో ఫైనాన్స్ సంస్థలకూ వెనక నుంచి నిధులు సర్దుతుంది. దరఖాస్తు, మంజూరు అంతా వాటి దగ్గరే. 4,500 రూపాయలు కడితే పది లక్షలు మంజూరంటూ వాట్సాప్‌లో తిరిగిన ఇలాంటి ఉత్తరం నకిలీదని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. రిజర్వు బ్యాంకు పేరుతో వచ్చే లెటర్లూ ఇదే బాపతు. ఆ బ్యాంకు మామూలు మనుషులకు డబ్బు దాచుకునే ఖాతాలూ తెరవదు, అప్పులూ ఇవ్వదు.

అపోహ: డబ్బులిస్తే సిబిల్ కడిగేసేవాళ్లున్నారు.

మీరు ఎగ్గొట్టిన వాయిదా నిజమైతే దాన్ని చెరిపే ఏజెంటు దేశంలో లేడు. రికార్డు తప్పయితే సరిచేయించుకోడానికి ఏజెంటుతో పనే లేదు. సిబిల్ సహా అప్పుల చరిత్ర నమోదు చేసే నాలుగు సంస్థలూ ఏడాదికో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు మీద ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల పరిహారం కూడా ఉంది. బాకీ కట్టేసినా రికార్డు మారలేదని దిగులుపడేవాళ్లకు ఒక మాట. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి ఆ సంస్థలకు వివరాలు పంపుతున్నాయి. ఆ గడువు దాటాక కూడా మారకపోతే బ్యాంకును అడగాలి. ఎవరికో హామీ సంతకం పెట్టి మరిచిపోయినవాళ్లకూ ఆ రిపోర్టులో విశేషాలు దొరకొచ్చు.

అపోహ: సిబిల్ పాడైతే బ్యాంకు గడప తొక్కే పనే లేదు.

బంగారం కుదువ పెడితే సిబిల్‌కు అంత పట్టింపు ఉండదు. పొదుపు గ్రూపులకు ఇరవై లక్షల దాకా తాకట్టు అడగకూడదు, అయితే అక్కడ గ్రూపు కట్టుబాటు చూస్తారు. అసలు ఇంతవరకూ అప్పే చేయనివాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకే చెప్పింది.

అపోహ: ఫీజు కడితే అప్పు మాఫీ సర్టిఫికెట్ ఇస్తారు.

రుణమాఫీ మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2014 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన మాఫీ విడతలవారీగా వచ్చింది. అది వస్తుందని వాయిదాలు ఆపేసినవాళ్లకు వడ్డీ పెరుగుతూ పోయింది. ఆ ఆశ మీదే ఇప్పుడు వేరేవాళ్లు బేరం పెట్టారు. సర్వీసు చార్జీ, లీగల్ ఫీజు పుచ్చుకుని మాఫీ సర్టిఫికెట్లిస్తామనే ప్రచారాలను నమ్మొద్దని 2023 డిసెంబర్‌లో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఆ కాగితం చూపించి వాయిదా ఆపితే బాకీ అలాగే ఉంటుంది, సిబిల్ ఇంకా పడుతుంది.

అపోహ: ఆ యాప్ ముందు ఒక్క రూపాయీ అడగలేదు, కాబట్టి మంచిదే.

అడగదు, కోసుకుంటుంది. అయిదు వేల అప్పు అని మూడు వేలే ఖాతాలో వేసి, వారానికల్లా అయిదు వేలూ కట్టమనే యాప్‌లు బోలెడు. ఆపైన ఫోన్‌లోని నంబర్లన్నీ వాళ్ల చేతిలో ఉంటాయి. 2022 జులైలో, అప్పుడు మంత్రిగా ఉన్న నెల్లూరు జిల్లా నాయకుడు కాకాణి గోవర్ధన్ రెడ్డికే, ఎవరో తీసుకున్న అప్పు కట్టమంటూ వరసగా ఫోన్లు వచ్చాయి. జిల్లా పోలీసులు చెన్నైలో నలుగురిని పట్టుకున్నారు. మంత్రి ఫోనుకే దిక్కులేకపోతే మన చుట్టాల ఫోన్ల సంగతి చెప్పేదేముంది! అదే ఏడాది సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది. లోను నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడాలి, యాప్ మన ఫోన్ నంబర్ల జాబితా జోలికి పోకూడదు. 2025 జులై నుంచి గుర్తింపున్న సంస్థల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లోనే ఉంది.

అపోహ: పోయిన డబ్బు పోయినట్టే, చెబితే నవ్వుతారు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు ఏ ఖాతాలో పడిందో అక్కడే ఆపించే ప్రయత్నం చేస్తారు. గంటల్లోనే చెప్పాలి. తెల్లారితే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఆధార్, పాస్‌బుక్, ఏటీఎం కార్డు కూడా ఇచ్చి ఉంటే అదీ చెప్పి, బ్యాంకులో ఖాతా ఆపించుకోవాలి. లేకపోతే వేరేవాళ్లను మోసం చేసిన సొమ్ము మీ ఖాతాలోంచి తిరిగి, పోలీసులు మీ ఇంటికే వస్తారు. ఇంకో వారానికి మరో ఫోన్ రావచ్చు. “సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, విడిపించడానికి మూడు వేలు కట్టండి” అంటారు. అవతల ఉన్నది చాలావరకు ఆ మొదటివాళ్లే.