ఫోన్ సిగ్నల్ లేని క్యాంప్‌లో కూడా టీవీ: కారులో పట్టే డిష్ సెటప్ ఇలా

మారేడుమిల్లి వైపో, అరకు వైపో టెంట్ వేసుకుని ఉన్నారు. అదే రోజు ఇండియా మ్యాచ్. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ ఉంటే కాల్ కలుస్తుందేమో గానీ, లైవ్ స్ట్రీమింగ్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అలాంటి చోట నేను నమ్ముకునేది 60 సెం.మీ. డిష్, ఒక సెట్ టాప్ బాక్స్, చిన్న టీవీ. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

ముందు ఏది కొనకూడదో చూద్దాం

ఆన్‌లైన్‌లో "హెచ్‌డీ యాంటెన్నా, వందల ఛానెళ్లు ఫ్రీ" అని అమ్మే పల్చటి ప్లాస్టిక్ షీట్లు కొనకండి. టవర్ల నుంచి డిజిటల్ ఛానెళ్లు వచ్చే దేశాల్లో అవి పనికొస్తాయి. మన దగ్గర దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ మూతపడ్డాయి. పట్టుకోవడానికి సిగ్నలే లేనప్పుడు ఎంత మంచి యాంటెన్నా అయినా ఏం చేస్తుంది?

క్యాంపింగ్‌కి నా ఓటు డీడీ ఫ్రీ డిష్‌కే. నెల నెలా కట్టేది ఏమీ లేదు. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి, డీడీ స్పోర్ట్స్ అన్నీ వస్తాయి. జాతీయ ప్రాధాన్యం ఉన్న మ్యాచ్‌ల ఫీడ్‌ను ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతుంది. అందుకే అన్ని మ్యాచ్‌లూ కాకపోయినా ముఖ్యమైనవి ఇందులో చూడొచ్చు.

కొండలతో కాదు, చెట్లతోనే సమస్య

లోయలో ఉంటే సిగ్నల్ రాదని చాలామంది అనుకుంటారు. ఫ్రీ డిష్ ఛానెళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మన ప్రాంతం నుంచి చూస్తే అది ఆకాశంలో 63 నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే దాదాపు నెత్తి మీదే. కాబట్టి కొండ మరీ నిటారుగా, పక్కనే ఉంటే తప్ప అడ్డు రాదు.

చెట్టు మాత్రం అడ్డొస్తుంది. తడి ఆకులైతే ఇంకా ఎక్కువ. దీనికి ఒక సులువైన లెక్క ఉంది: ఆగ్నేయం వైపు ఉన్న చెట్టు ఎత్తులో సగం కంటే ఎక్కువ దూరంలో డిష్ పెట్టాలి. 20 మీటర్ల చెట్టయితే కనీసం 12 మీటర్లు జరగండి. టెంట్ నీడలో ఉన్నా పర్లేదు, 15 మీటర్ల కేబుల్ ఉంటే డిష్‌ని ఎండలో పెట్టొచ్చు.

ఎటు తిప్పాలి?

నేను లెక్కకట్టిన కోణాలు ఇవి. దిక్కు అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెట్టే డిగ్రీలు.

- వికారాబాద్ అనంతగిరి: దిక్కు 137, ఎత్తు 63
- మారేడుమిల్లి: దిక్కు 145, ఎత్తు 65
- అరకు: దిక్కు 149, ఎత్తు 65
- తిరుపతి: దిక్కు 133, ఎత్తు 67

ఫోన్ కంపాస్ వాడేటప్పుడు కారుకి దూరంగా నిలబడండి, మ్యాగ్నెట్ ఉన్న కేస్ తీసేయండి. ఇనుము దగ్గర కంపాస్ తప్పు చూపిస్తుంది. 60 సెం.మీ. డిష్‌కి కనిపించే ఆకాశం వెడల్పు సుమారు 3 డిగ్రీలే, అందుకే కాస్త తేడా వచ్చినా స్క్రీన్ ఖాళీ.

ఇంకో విషయం, మన డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. అవి చూస్తున్నట్టు కనిపించే చోటు కంటే పైకి చూస్తాయి. ఆఫ్‌సెట్ 24 డిగ్రీలు అనుకుంటే, ఎత్తు 63 కావాల్సిన చోట డిష్ ముఖం నిటారు నుంచి 39 డిగ్రీలే వెనక్కి వాలాలి.

అలైన్‌మెంట్ స్టెప్స్

1. స్టాండ్ కచ్చితంగా నిటారుగా ఉండాలి. కాళ్ల మీద నీళ్ల క్యాన్లు పెడితే గాలికి కదలదు.
2. ఎత్తు సెట్ చేసి, దిక్కుని కొంచెం కొంచెంగా తిప్పండి. ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగండి, బాక్స్‌కి లాక్ అవ్వడానికి ఆ టైమ్ కావాలి.
3. బాక్స్ మెనూలో "స్ట్రెంగ్త్" కాదు, "క్వాలిటీ" చూడండి. ఏ ఉపగ్రహం దొరక్కపోయినా స్ట్రెంగ్త్ ఎక్కువే చూపిస్తుంది. క్వాలిటీ లేస్తేనే సరైన సిగ్నల్ దొరికినట్టు.
4. చివరగా ఎల్‌ఎన్‌బీని మెల్లగా అటూ ఇటూ తిప్పి, క్వాలిటీ ఎక్కువ ఉన్న చోట బిగించండి.

కొన్ని ఛానెళ్లు వచ్చి కొన్ని రాకపోతే కేబుల్, కనెక్టర్లు చెక్ చేయండి. బాక్స్ 13 లేదా 18 వోల్టులు పంపి ఎల్‌ఎన్‌బీ పోలరైజేషన్ మారుస్తుంది. తుప్పు పట్టిన కనెక్టర్‌లో వోల్టేజ్ పడిపోతే ఛానెళ్లు మాయం కావచ్చు. కేబుల్ పీకే ముందు బాక్స్ ఆపేయండి.

కరెంట్ సంగతి

బాక్స్‌కి 10 వాట్లు, చిన్న ఎల్‌ఈడీ టీవీకి 30 వాట్లు అనుకుంటే, 4 గంటలకి 160 వాట్-అవర్లు. 300 వాట్-అవర్ల పవర్ స్టేషన్ ఉంటే హాయి. కారు నుంచి నేరుగా ఇస్తే మధ్యలో 12 వోల్ట్ రెగ్యులేటర్ పెట్టండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులు దాటొచ్చు.

జోరు వాన పడితే సిగ్నల్ పోవడం సహజం, తగ్గాక దానంతట అదే వస్తుంది. వెళ్లే ముందు ఒకసారి మేడ మీద మొత్తం బిగించి చూడండి. ఛానెల్ స్కాన్ కూడా ఇంట్లోనే అయిపోతే, క్యాంప్‌లో మిగిలేది దిక్కు చూసి తిప్పడమే.