అమ్మానాన్నతో అలాస్కాకు

మే నెల వచ్చిందంటే చిలమకూరు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి గనులు పొద్దున పది గంటలకే సెగలు కక్కుతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లల్లో పెట్టెలు సర్దుకోవడం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. సియాటిల్‌లోనో డాలస్‌లోనో ఉంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు ఎక్కువగా ఎండాకాలంలోనే విమానమెక్కుతారు. అలాస్కాకు ఓడలు తిరిగేదీ అప్పుడే, ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు దాకా. రెండు కాలాలూ అలా కలిసొచ్చి, "నాయనా, ఈసారి అలాస్కా పోదాం" అనే మాట మన ఇళ్ల ఫోన్లలోకీ వచ్చింది.

రావాల్సిందే. సిమెంటు ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులూ చేసి రిటైరైన మనిషికి, నల్లరేగడి చేలో శనగ పీకిన చేతులకు, ఒక వారం పాటు వంటపని, ఇంటిపని లేకుండా మంచుకొండల మధ్య కూర్చోబెట్టడం కంటే పిల్లలు ఇవ్వగలిగిన మంచి కానుక నాకు తోచదు. అమెరికాలో అమ్మానాన్నలకు రోజులు గడవడం కష్టం. కారు నడపలేరు, వీధిలో మాట్లాడే మనిషి ఉండడు. ఓడలో ఆ ఇబ్బంది లేదు. పెట్టె ఒకసారి విప్పితే చాలు, ఊళ్లే నడిచి దగ్గరికొస్తాయి.

అయితే పిల్లలు బుకింగ్ చేసే తీరు తలకిందులుగా ఉంటోంది. ముందు ఓడ బొమ్మలు చూస్తారు. పైన కారు రేసుల ట్రాక్ ఉందా, ఈతకొలను ఎంతుంది, ధర ఎంత తగ్గించారు, ఇవీ ప్రశ్నలు. దారి సంగతి డబ్బు కట్టాక తెలుస్తుంది. పాస్‌పోర్టు సంగతి రేవులో తెలుస్తుంది. నా మాట వింటే ఈ వరసను తిరగేయండి. మొదట పాస్‌పోర్టు, తర్వాత దారి, ఓడ అన్నిటికంటే చివర.

పాస్‌పోర్టు మాట ఎందుకంటే, సియాటిల్‌లో బయల్దేరి సియాటిల్‌కే తిరిగొచ్చే ఓడ కూడా మధ్యలో కెనడాను తాకుతుంది. ఎక్కువగా విక్టోరియా ఊళ్లో, ఒక సాయంత్రం కొన్ని గంటలు ఆగుతుంది. దీని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టిన ఓడ అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని, ఏ విదేశీ రేవునూ తాకకుండా, అమెరికా రేవుల్లోనే తిప్పి దించకూడదని దాని సారాంశం. అలాస్కాకు పోయే పెద్ద ఓడలన్నీ బహామాస్, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి దేశాల జెండాలవే. అందుకే విక్టోరియాలో ఆగక తప్పదు. కోవిడ్ వేళ కెనడా తన రేవులు మూసేస్తే, 2021లో అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా చట్టం చేసి ఆ ఒక్క వేసవికి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. "మేం ఓడ దిగం, గదిలోనే ఉంటాం" అన్నా కుదరదు. సియాటిల్ రేవులో కాగితాలు చూసేటప్పుడు వీసా లేదని తేలితే ఓడ ఎక్కనివ్వరు, కట్టిన డబ్బూ తిరిగి రాదు. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు కెనడా వీసా అక్కర్లేదు కాబట్టి వాళ్లకు ఈ ఆలోచనే తట్టదు. హెచ్1బీ మీద ఉన్న కొడుక్కీ కోడలికీ మాత్రం అమ్మానాన్నలతో పాటు కావాల్సిందే. పెద్దవాళ్లు ఆ వీసాను ఇక్కడ ఉండగానే, హైదరాబాదులో వేలిముద్రలిచ్చి తీసుకుని వెళ్లడం మేలు. అమెరికా నుంచీ అప్లై చేయొచ్చు కానీ, ఉండే ఆరు నెలల్లో పాస్‌పోర్టు స్టాంపింగుకు పంపి, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూడాలి. ఓడ దిగేటప్పుడు మళ్లీ అమెరికాలోకి అడుగుపెడుతున్నట్టే లెక్క కాబట్టి, అమెరికా వీసా పలుమార్లు వెళ్లిరావడానికి వీలున్నదై ఉండాలి. పిల్లల వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటే టికెట్ కొనే ముందే లాయరును అడగాలి.

ఇక దారి. మొదటిసారి వెళ్లేవాళ్ల ముందు మూడు దారులుంటాయి. సియాటిల్ నుంచి ఏడు రాత్రులు వెళ్లి రావడం ఒకటి. వాంకూవర్ నుంచి వెళ్లి రావడం రెండోది. వాంకూవర్‌లో ఎక్కి పైన సీవార్డ్‌లోనో విట్టియర్‌లోనో దిగి, అక్కడి నుంచి యాంకరేజ్, డెనాలి చూసుకుని విమానంలో రావడం మూడోది. సియాటిల్ దారిలో సుఖం ఉంది. కొడుకు బెల్‌వ్యూలోనో రెడ్‌మండ్‌లోనో ఉంటే కారులో తెచ్చి రేవులో దింపుతాడు. కానీ సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు, విశాలమైన పసిఫిక్ సముద్రం మీదుగా పోతాయి. అక్కడ అల ఉంటుంది, కడుపులో తిప్పేదీ అక్కడే. వాంకూవర్‌లో ఎక్కితే దీవికీ నేలకూ మధ్య ఇరుకు నీళ్లలో, రెండు పక్కలా అడవులు చూసుకుంటూ, ఊగిసలాట లేకుండా పోవచ్చు. పెద్దవాళ్లకు ప్రయాణాల్లో వాంతుల బాధ ఉంటే, సియాటిల్ నుంచి మూడు గంటల కారు ప్రయాణం భరించి వాంకూవర్‌లో ఎక్కించమనే నేను చెప్తాను. మూడో దారి అన్నిటికంటే గొప్పది, అన్నిటికంటే ఖర్చయ్యేదీ అదే. రైళ్లు, హోటళ్లు, మళ్లీ పెట్టెలు మోసుకోవడం, ఇవన్నీ కలిసి పది పన్నెండు రోజులవుతాయి. డెబ్బై దాటిన మోకాళ్లకు అది మొదటి యాత్ర కాకపోతేనే మంచిది.

దారి ఎంచుకోవడంలో అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ ఓడ ఏ మంచు దగ్గరికి తీసుకెళ్తుంది? కాగితం మీద అన్నీ 'గ్లేసియర్ దర్శనం' అనే రాసుంటుంది. గ్లేసియర్ బే అని స్పష్టంగా పేరు రాసి ఉందో లేదో చూడండి. ఆ జాతీయ పార్కులోకి వేసవిలో రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి. హాలెండ్ అమెరికా, ప్రిన్సెస్, నార్వీజియన్ సంస్థలకు ఆ అనుమతుల్లో పెద్ద వాటా ఉంది, వాటిలోనూ అన్ని ప్రయాణాలూ లోపలికి పోవు. రాయల్ కరీబియన్, సెలెబ్రిటీ ఓడలు ఎండికాట్ ఆర్మ్‌కో, హబ్బర్డ్ గ్లేసియర్‌కో పోతాయి. అవీ అందమైనవే. ఓడలు పోయే మరో ఇరుకుపాయ ట్రేసీ ఆర్మ్‌లో 2025 ఆగస్టు 10న కొండచరియ విరిగి నీళ్లలో పడి పెద్ద అల లేచింది. ప్రాణనష్టం జరగలేదు. ఇలాంటి వాటివల్ల దారులు మారుతుంటాయి కాబట్టి, ఈ ఏటి కార్యక్రమం ఏమిటో సంస్థను అడిగి రాయించుకోండి.

గ్లేసియర్ బే కోసం నేనింత పట్టుబట్టడానికి కారణముంది. పొద్దున్నే, ఓడ ఇంకా మెల్లగా కదులుతుండగానే, పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కుతారు. రోజంతా ఓడలోనే ఉండి, మైకులో ఆ నేల కథ చెప్తారు. 1794లో జార్జ్ వాంకూవర్ నావికులు వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు, నోటి దాకా మంచుగోడ. 1916 నాటికి ఆ మంచు సుమారు 100 కిలోమీటర్లు వెనక్కి పోయింది. ఇప్పుడు ఓడ తేలేదంతా అప్పటి మంచు స్థానంలోనే. అక్కడి హూనా ట్లింగిట్ ప్రజలు అంతకుముందు ఆ మంచు ముందుకు దూకినప్పుడు ఊళ్లు వదిలి పోయినవాళ్లు. 2016లో వాళ్ల కులపెద్దల ఇల్లు ఆ ఒడ్డున మళ్లీ లేచింది. మధ్యాహ్నానికి ఓడ మార్జరీ గ్లేసియర్ ఎదుట నిలుస్తుంది. మైలు వెడల్పు, నీటిపైన సుమారు 250 అడుగుల ఎత్తు. గండికోట అంచున నిలబడి కింద పెన్నను తొంగి చూసినవాళ్లకు ఆ ఎత్తు ఇట్టే అందుతుంది, ఆ రాతిగోడ నీలిమంచుదైతే ఎలా ఉంటుందో అనుకోండి. తుపాకీ పేలినట్టు చప్పుడొస్తుంది. అది మన చెవిన పడేసరికే ముక్క జారడం మొదలై ఉంటుంది, కాబట్టి చప్పుడు విని అటు తిరిగేసరికి ఒక్కోసారి పడటం కూడా అయిపోయి ఉంటుంది. గోడ మొత్తాన్నీ కంటితో పట్టుకుని, కెమెరా దించేసి, ఓపిగ్గా నిలబడాలి. ఓడ అక్కడ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి రెండు వైపుల గదులవాళ్లకూ కనిపిస్తుంది.

ఊళ్ల విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు, దాదాపు అన్ని ఓడలూ అవే ఊళ్లకు పోతాయి. జూనో రాష్ట్ర రాజధాని, అయినా బయటి నుంచి రోడ్డు లేదు. పడవో విమానమో కావాలి. తిమింగలాలు చూడ్డానికి డబ్బు పెట్టాల్సిన ఊరు ఇదే, లేదంటే ఐసీ స్ట్రెయిట్ పాయింట్. హవాయిలో చలికాలం గడిపిన హంప్‌బ్యాక్ తిమింగలాలు వేసవికి మేత కోసం ఇక్కడికొస్తాయి. కెచికాన్‌లో ఏడాదికి దాదాపు 3,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కడపలో పడేది 700. గొడుగు గాలికి నిలవదు, తలమీదకి వచ్చే వానకోటు కొనాలి.

స్కాగ్‌వేలో మాత్రం వైట్ పాస్ రైలెక్కించండి. 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన మూడడుగుల నారోగేజి లైను. సముద్రమట్టం నుంచి ఇరవై మైళ్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. నడవలేని పెద్దవాళ్లు కూర్చున్నచోటి నుంచే అన్నీ చూడగలిగిన యాత్ర ఇది. పైకి పోయేటప్పుడు ఎడమవైపు సీటు పట్టుకోండి, లోయ అటే ఉంటుంది. ఒకే ఒక్క బయటి టూరుకు డబ్బుంటే నేను దీనికే పెడతాను.

ఇప్పుడు ఓడ. నాలుగు వేలమందికి పైగా పట్టే ఓవేషన్ ఆఫ్ ది సీస్, దాదాపు అంతే పట్టే నార్వీజియన్ ఎన్‌కోర్ లాంటివి ఒక రకం. రెండు వేలకు అటూఇటూగా పట్టే హాలెండ్ అమెరికా ఓడలు మరో రకం. పదేళ్లలోపు మనవళ్లు వెంట వస్తుంటే పెద్ద ఓడ న్యాయం, పిల్లలకు ఆడుకోవడానికి అక్కడుంటుంది. అమ్మానాన్నలే ముఖ్యమైతే చిన్నది మేలు. భోజనశాల నుంచి గదికి నడవాల్సిన దూరం తగ్గుతుంది, ఊళ్లో దిగేటప్పుడు వరస తగ్గుతుంది. గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో, లిఫ్టుకు దగ్గరగా ఉండాలి. అక్కడ ఊపు తక్కువ. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే టూర్లు తగ్గించుకోండి గానీ బాల్కనీ తీసేయకండి. జూన్‌లో పద్దెనిమిది గంటల వెలుతురుంటుంది. నిద్రపట్టని తెల్లవారుజామున నాలుగింటికి శాలువా కప్పుకుని, ఎవర్నీ లేపకుండా, అమ్మ బయట కూర్చోగలగాలి. ఆ కాస్త చోటు కోసమే ఆ డబ్బు.

తిండి భయం అక్కర్లేదు. పెద్ద ఓడల వంటగదుల్లో మనవాళ్లుంటారు. మొదటి రాత్రే హెడ్‌వెయిటర్‌తో శాకాహారమనో, కారం కావాలనో చెప్పి, రేపటికి పప్పు, అన్నం, కూర చేయించమంటే చాలా ఓడల్లో చేసిపెడతారు. ఇంట్లో వండినవి చాలా సంస్థలు లోపలికి రానివ్వవు, కుక్కరు, కెటిల్ అసలు కుదరవు. కొట్లో కొన్న సీలు పొట్లాల్లో చెనిక్కాయలు, బొరుగుల మిక్చరు తీసుకెళ్లండి. ఓడ దిగేటప్పుడు మాత్రం పండ్లు, తినుబండారాలు ఒడ్డుకు పట్టుకెళ్లకూడదు. టికెట్ ధరకు పైన సిబ్బంది టిప్పులు రోజుకు మనిషికి దాదాపు 16 నుంచి 20 డాలర్లు పడతాయని ముందే లెక్కలో వేసుకోండి.

బీపీ, షుగరు మందులు చేతిసంచిలోనే ఉంచాలి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఓడలో డాక్టరుంటారు, ఫీజు దండిగా ఉంటుంది. పరిస్థితి విషమిస్తే హెలికాప్టర్‌లో ఒడ్డుకు చేర్చే ఖర్చు మధ్యతరగతి కుటుంబం మోయలేనిది. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్సులో ఆ తరలింపు ఖర్చు వస్తుందా, ఓడ మీద చెల్లుతుందా అని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే బయల్దేరండి. దీన్ని మాత్రం చివరికి వాయిదా వేయొద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

నెల విషయంలో మే, జూన్ మంచివి. వాన తక్కువ, మేలో ధరలూ తక్కువ. జులై వెచ్చన, రద్దీ ఎక్కువ. ఆగస్టు నుంచి వానలు పెరుగుతాయి, సెప్టెంబరులో ఇంకా ఎక్కువ. నడివేసవిలోనూ పగటివేళ పది నుంచి పద్దెనిమిది డిగ్రీలే. ఒకే మందపాటి స్వెట్టరు కంటే, ఒకదానిమీద ఒకటి వేసుకుని విప్పుకునే పలచని బట్టలు పనికొస్తాయి. మంచు ముందు నిలబడే రోజుకు మఫ్లరు, చేతితొడుగులు తప్పనిసరి.

కెనడా వీసా రాకపోతే అలాస్కా ఆశ వదులుకోనక్కర్లేదు. విమానంలో నేరుగా యాంకరేజ్ వెళ్లి, అక్కడి నుంచి రైల్లోనో కారులోనో విట్టియర్, సీవార్డ్ చేరుకుంటే, ఒక్క పగటిలో మంచుగోడల దాకా తీసుకెళ్లి సాయంత్రానికి తెచ్చి దింపే పడవలున్నాయి. విట్టియర్‌కు పోయే దారిలో రెండున్నర మైళ్ల సొరంగం ఉంది. అందులో రైళ్లూ కార్లూ ఒకే పట్టా మీద, వంతులవారీగా పోతాయి. నీటి మీదే పోవాలనుకునేవాళ్లకు అలాస్కా ప్రభుత్వం 1963 నుంచి నడుపుతున్న ఫెర్రీలున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే కెనడాలో ఆగకుండా దాదాపు రోజున్నరలో కెచికాన్ చేరుస్తాయి. అవి అమెరికా జెండా ఓడలు కాబట్టి ఆ 1886 చట్టం అడ్డురాదు. విలాసాలుండవు, క్యాబిన్లు తక్కువ, ముందే రిజర్వు చేసుకోవాలి. ఆ దారిలో పోయేవాళ్లు గ్లేసియర్ బే కోసం జూనో నుంచి గస్టావస్‌కు వెళ్లి, పార్కు పగటి పడవ ఎక్కాలి. ఆ పడవ టికెట్లూ వేసవికి ముందే అయిపోతుంటాయి కాబట్టి, ఉగాది నాటికల్లా తేదీలు ఖాయం చేసుకోండి.