గట్టు మీది క్షణపరీక్ష
భీమడోలు రొయ్యల చెరువులపై ‘చెక్’ అను మాట రైతు జాగరూకతకు పేరైన తీరు

జాతీయరహదారి మీది భీమడోలు నుండి దక్షిణముగా కొల్లేటి సరస్సు వైపునకు సాగువానికి, వరిచేలు క్రమముగా సన్నగిల్లి, చేపల చెరువులును రొయ్యల చెరువులును ఒకదాని నానుకొని యొకటి కానవచ్చును. ఆ గట్లపై పూటపూటకు వినవచ్చు సంభాషణ యొకటి కలదు. “ఏరా, ట్రే చూశావా?” అని పెద్దవాడు కేకవేయును. “చూశాను బాబాయ్, మేత మిగల్లేదు” అని కుఱ్ఱవాడు బదులిచ్చును. ఆ పూటకు చెరువు క్షేమసమాచారము అంతయు అదియే.

చతురస్రపు చట్రమునకు సన్నని వల బిగించి, మూలలకు త్రాళ్లు కట్టి, నీటిలోనికి చొచ్చియున్న బల్లకట్టు చివర నుండి అడుగునకు దింపినది చెక్ ట్రే. చెరువంతట మేత చల్లిన పిదప గుప్పెడు మేత అందుంచి, రమారమి రెండు గంటలకు పైకి లాగుదురు. మేత మిగిలెనా, రొయ్య వీపువెంట పేగు నిండుగా ముదురురంగు గీతవలె కనబడుచున్నదా, గుల్ల గట్టిపడెనా, తెల్లని దారముల వంటి మలము వలపై తేలెనా యని చూచుట నిమిషములో ముగియును. మిగిలిన మేత అడుగున క్రుళ్లి ప్రాణవాయువును హరించి అమోనియాను పెంచును గనుక, మరుపూట మేత తగ్గింపవలయునా యను నిర్ణయము ఆ నిమిషముననే జరుగును.

రాజునకు హెచ్చరిక

‘చెక్’ పదము పుట్టుక చదరంగమున నున్నది. రాజును చెప్పు పారసీక శబ్దమగు ‘షా’ ఫ్రెంచి భాష మీదుగా ఆంగ్లమును జేరి, రాజునకు ఆపద వాటిల్లినదను హెచ్చరికయై, పిదప అడ్డగింపై, తుదకు సరిచూచుట యను అర్థమున స్థిరపడినది. మన చెరువుగట్లపై ఆ ప్రాచీనమైన హెచ్చరికయే నేటికిని సజీవముగా నున్నది. 1994 ప్రాంతమున టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వ్యాధి కొలది దినములలోనే చెరువునంతను నాశము చేయగలది. 2009లో వనామీ రొయ్యల పెంపకమునకు అనుమతి లభించిన తరువాతను ఆ భయము తొలగలేదు. ఆలస్యముగా చూచినవాడు నష్టమును మాత్రమే లెక్కింపగలడు.

అయినను శీఘ్రముగా చూచుట వేఱు, పైపైన చూచుట వేఱు. నిన్నటి పేగు రంగు ఎఱిగినవానికే నేటి మార్పు గోచరించును. ట్రే చెప్పనిదియు కలదు: వేకువకు ముందు కనిష్ఠమునకు దిగు ప్రాణవాయువును పరికరముతోనే కొలువవలయును, రోగనిర్ధారణ ప్రయోగశాలలోనే జరుగవలయును. క్షణపరీక్ష అనుమానమును మేల్కొల్పును, నిశ్చయమును ఈయజాలదు.

కొల్లేటిని చూచువారెవరు?

బుడమేరు, తమ్మిలేరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచు కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది; 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితా కెక్కినది. అయినను ఆక్రమణలు పేరుకొనిన పిదప, 2006లోగాని సరస్సులోని చెరువుగట్లు విస్తారముగా కూల్చబడలేదు. పూటపూటకు చూడవలసినదానిని ఏండ్ల తరబడి చూడకుండుటచేతనే చికిత్స అంత కఠినమైనది, పేదల బ్రతుకులకును అంత బాధాకరమైనది. తన ట్రేను ఏమఱని రైతు, తన చెరువు నుండి మురుగుకాలువలోనికి వదలు నీటిని సైతము అంతే శ్రద్ధతో పరీక్షింపవలయును. అధికారులు ఆ ఫలితములను గ్రామమున అందఱకు తెలియజేయవలయును. సరస్సు చెడిన పిదప దాని నీటితో నిండు ఏ చెరువును క్షేమముగా నుండజాలదు.