మాట రాని పసివాళ్ల తరఫున తనిఖీ

హోటల్లో కూర బాగోలేకపోతే తిన్నవాళ్లే చెబుతారు. డే కేర్ సంగతి అలా కాదు. ఫీజు కట్టే తల్లిదండ్రులు పగలంతా అక్కడ ఉండరు. అక్కడ ఉండే పిల్లలకేమో జరిగింది చెప్పడానికి మాటలు రావు. 2016లో నవీ ముంబైలో ఒక ఆయా పది నెలల పాపను కొట్టిందన్న నిజం సీసీ కెమెరా దృశ్యాలు చూశాకే తేలింది. అందుకే పిల్లల తరఫున వెళ్లి చూసే కళ్లు ఒక జత ఉండాలి. వాటి పేరే తనిఖీ.

మన దగ్గర చట్టాలు లేవా అంటే, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. 30 మందికి మించి మహిళా కార్మికులుంటే శిశువులకు గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలన్నీ క్రెష్ ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ చెప్పింది. ఇవన్నీ యజమానికి పెట్టిన షరతులు. జాతీయ బాలల హక్కుల కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం రాసిన మార్గదర్శకాలేమో మూడేళ్లు నిండిన పిల్లల గురించి. మరి కూకట్‌పల్లిలోనో మధురవాడలోనో అపార్టుమెంటులో నడిచే డే కేర్, అందులోని ఏడాది పిల్లలు? వాళ్ల కోసం దేశమంతటికీ వర్తించే లైసెన్సు చట్టం లేదు. ట్రేడ్ లైసెన్సు ఉన్నా, ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలని అందులో ఎవరూ అడగరు. ఎంత చిన్న బిడ్డయితే రక్షణ అంత పలుచగా ఉంది. ఇది తలకిందుల వ్యవహారం.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఆయాలదే. మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి ఒకరు చాలని కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. నా మట్టుకు ఇది చాలదు. మంటలు లేస్తే ఒక మనిషి ఎత్తుకుని పరుగెత్తగలిగేది ఇద్దరినే. ఇంగ్లండులో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు ఉండి తీరాలి. రెండేళ్ల పిల్లలు నలుగురికి ఒకరన్న నియమాన్ని 2023లో ఐదుగురికి ఒకరుగా సడలిస్తేనే అక్కడ పెద్ద గొడవ జరిగింది. నిజమే, మనుషులు పెరిగితే ఫీజూ పెరుగుతుంది. ప్రభుత్వం చేయూత ఇవ్వాల్సింది అక్కడే.

తనిఖీ ఎలా ఉండాలన్న దానికి అమెరికా 2014లో చేసిన చట్టం మంచి నమూనా. కేంద్ర నిధులు తీసుకునే ప్రతి రాష్ట్రం లైసెన్సు ఇచ్చేముందు ఒకసారి, తర్వాత ఏటా కనీసం ఒకసారి ముందుగా చెప్పకుండా వెళ్లి చూడాలి. ఏం కనబడిందో అందరికీ అర్థమయ్యే మాటల్లో ఇంటర్నెట్‌లో పెట్టాలి. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగు తల్లి బిడ్డను చేర్చేముందు ఆ నివేదిక చదువుకోగలదు. హైదరాబాదులో ఉన్న ఆమె చెల్లెలికి పక్కింటివాళ్ల మాటే దిక్కు.

తనిఖీ అంటే రిజిస్టర్లు తిరగేసి సంతకం పెట్టి రావడం కాదు. పిల్లలు నిద్రపోయే మధ్యాహ్నం వేళ వెళ్లాలి. పసికందును వెల్లకిలా పడుకోబెట్టారా, పాలసీసాల మీద పేర్లున్నాయా, డైపరు మార్చాక ఆయా చేతులు కడుక్కుందా, ప్రమాదంలో బయటపడే రెండో తలుపుకు తాళం వేయకుండా ఉంచారా? ఇవి చూడాలి.

ఇన్‌స్పెక్టర్లను పెడితే మామూళ్లు మొదలవుతాయని కొందరి భయం. అది అర్థంలేని భయమేమీ కాదు. అయితే నివేదిక అందరి కళ్లముందూ ఉంటే చీకటి బేరాలకు చోటు తగ్గుతుంది. ఇంట్లో నలుగురైదుగురు పిల్లలను చూసుకునే అక్కయ్యలకు పెద్ద కేంద్రాల కాగితాల భారం పెట్టకూడదు. సులువైన నమోదు, ఉచిత శిక్షణ, లోపాలు దిద్దుకునే గడువు ఇవ్వాలి. లేకపోతే వాళ్లు బోర్డు తీసేసి చాటుగా నడుపుతారు. ప్రాణాపాయం ఉన్నచోట మాత్రం గడువు మాటే వద్దు, ఆ రోజే మూయించాలి. ఆయాకు బతకగలిగినంత జీతం ఇవ్వకపోతే ఎన్ని నియమాలు రాసినా నిలవవు. నేర్చుకున్న మనిషి నాలుగు నెలల్లో వెళ్లిపోతుంది.

రెండు తెలుగు రాష్ట్రాలూ మూడేళ్లలోపు పిల్లల కేంద్రాలకు విడిగా చట్టం తేవాలి. అది వచ్చేదాకా తల్లిదండ్రులే తనిఖీదారులు. ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలో అడగండి. చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లండి. మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేస్తే, బిడ్డను అక్కడ చేర్చకండి.